సారా ఉద్యమంలో నిలబడ్డ అవ్వల మాటలు ఇప్పుడే రికార్డు చేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అవ్వ పోయి నెల రోజులైంది. ఎనభై దాటిన మనిషి. పెద్దకర్మ నాడు మా ఊరివాళ్లే కాకుండా చుట్టుపక్కల నాలుగైదు పల్లెల ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో మేము ఎప్పుడూ చూడనివాళ్లు కూడా ఉన్నారు. ఒక పెద్దామె ఫొటో ముందు కూచుని, "సారా జీపుకు అడ్డం కూచున్నది ఈ తల్లే" అని తన మనవరాలికి చెబుతుంటే విన్నాను. ఆ సంగతి మా ఇంట్లో పిల్లలకు తెలియదు. నాకూ సగమే తెలుసు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు పల్లె. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చి ఊరూరా రాత్రి బడులు పెట్టారు. మా అవ్వ అప్పటికే మనవలున్న మనిషి, ఆ వయసులో పలక పట్టింది. చదువుకునే వాచకంలోనే సారా కొట్టు మూయించిన ఆడవాళ్ల పాఠం ఉండేదట. అప్పట్లో సర్కారు సారా వారుణి వాహిని పేరుతో ప్లాస్టిక్ ప్యాకెట్లలో వచ్చేది. మా తాత కూలి డబ్బులు ఇంటికి చేరకుండానే కొట్టు దగ్గర అయిపోయేవి. "తాగేదానికి నీళ్లియ్యండయ్యా అంటే ఇయ్యరు, సారా మాత్రం దినామూ వస్తాది" అనేది అవ్వ. ఆ మాట ఎప్పుడు అన్నా గొంతు మారిపోయేది.

1992లో మా జిల్లాలోనే ఉన్న దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారన్న కబురు రాగానే మా ఊళ్లోనూ కదిలారు. చేతిలో చీపురు, కొంగున కారప్పొడి మూట. ఆడవాళ్లు అడ్డుకోవడంతో జిల్లాలో సారా అమ్మే హక్కు కోసం సర్కారు పెట్టే వేలంపాటలు 17 సార్లు వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, ఆ అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. దాన్ని 1997లో ఎత్తేసినప్పుడు అవ్వ రెండు రోజులు సరిగా అన్నం తినలేదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అయినా అవ్వ ఇంట్లో కూచోలేదు. సారా మానిపించిన డబ్బు నిలబడాలి కదా అని పొదుపు లక్ష్మి గ్రూపు పెట్టించింది. మనిషికి రోజుకు రూపాయి. కర్మ అయ్యాక ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున ఆ లెక్కల నోటుబుక్కు దొరికింది. అట్ట ఊడిపోతే గోనె దారంతో కుట్టుకుంది. ఒక్కో అక్షరం బియ్యపుగింజంత, ఒత్తి ఒత్తి రాసింది. దీర్ఘాలు ఉండాల్సిన చోట లేవు, 'ళ' అన్నచోటల్లా 'ల' ఉంది. ఒక పేరు ఎదురుగా 'కొడుకు జరం' అని రాసి, ఆ నెల ముప్పై రూపాయలు తన పేరు కిందనుంచి కోసి అక్కడ వేసింది. అలాంటివి ఆ పుస్తకంలో పదకొండు లెక్కపెట్టాను. ఎవరింట్లో పురుడన్నా, ఎవరికి పింఛను కాగితం రాయాలన్నా అవ్వ ముందుండేదని అందరూ అంటారు. నాకు మాత్రం ఆ 'కొడుకు జరం' దగ్గర కళ్లు ఆగిపోయాయి.

ఈ ఆడవాళ్ల గురించి రాసి పెట్టినది చాలా తక్కువ. ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి రాజనీతిశాస్త్రం పుస్తకంలో దూబగుంట పేరుతో సహా ఈ ఉద్యమం గురించి ఉండేది. 2022లో సిలబస్ తగ్గించినప్పుడు ప్రజా ఉద్యమాల అధ్యాయం మొత్తం తీసేశారు. దూబగుంట రోశమ్మ గారి పేరైనా కొందరికి గుర్తుంది. ఆమెతో పాటు, ఆమెలాగే, తమ తమ ఊళ్లలో కొట్ల ముందు నిలబడ్డ వందల మంది పేర్లు ఎక్కడా లేవు. అప్పుడు నలభై, యాభై ఏళ్ల వాళ్లు ఇప్పుడు డెబ్బై దాటి, ఎనభై దాటి ఉన్నారు. ఏడాదికి కొందరు చొప్పున పోతున్నారు.

నాకూ ఒక తప్పు ఉంది. మూడేళ్ల కిందట అవ్వ మాటలు ఫోన్‌లో రికార్డు చేద్దామనుకున్నాను. సంక్రాంతికి వెళ్లినప్పుడు నింపాదిగా చేద్దాంలే అని ఊరుకున్నాను. ఆ పండక్కి ముందే పక్షవాతం వచ్చి అవ్వకు మాట పడిపోయింది. నేను అడగాలనుకున్నవన్నీ అలాగే ఉండిపోయాయి. జీపు ముందు కూచున్నప్పుడు భయం వేయలేదా, తాత ఏమన్నాడు, మొదట ఇంట్లోంచి కదిలింది ఎవరు.

అందుకే మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. జిల్లా యంత్రాంగం, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, మన ఊళ్లలోని డిగ్రీ కాలేజీలు కలిసి ఈ ఆడవాళ్ల మాటలు వాళ్ల గొంతుతోనే రికార్డు చేయించాలి. పెద్ద ఖర్చేమీ కాదు. ఇద్దరు విద్యార్థులు, ఒక ఫోను, ఊరికి రెండు రోజులు చాలు. ఊరివాళ్లు ఒప్పుకుంటే ఆ పేర్లు గ్రామ సచివాలయం గోడ మీద రాయించాలి. శిలాఫలకాల మీద ఎవరెవరి పేర్లో ఉంటున్నాయి, వీళ్లవీ ఉండాలి. మీ పత్రిక విలేకరులు వారానికి ఒక ఊరు చొప్పున మొదలుపెట్టినా సంతోషిస్తాం.

మా వీధిలో అవ్వతో పాటు నడిచినవాళ్లు ఇంకా ఇద్దరు ఉన్నారు. ఒకామెకు వినికిడి తగ్గింది, కుడి చెవి దగ్గర గట్టిగా మాట్లాడాలి. రెండో ఆమెకు అన్నీ గుర్తున్నాయి, పాటలతో సహా. మధ్యాహ్నం ఇద్దరూ పడుకుంటారు. పొద్దున పదిలోపు వస్తే అరుగు మీదే ఉంటారు. అవ్వ నోటుబుక్కు కూడా చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నెల్లూరు జిల్లా