పేరులో 'గేమింగ్' ఉంటే చాలా?

సంపాదకుడు గారికి,

ఎంసెట్ (ఇప్పటి ఎప్‌సెట్) కౌన్సెలింగ్ మొదలైతే చాలు, చుట్టాల ఫోన్లు మొదలవుతాయి నాకు. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో వీడియో గేములకు కోడ్ రాస్తున్నాను మరి. 'మావాడు రాత్రీ పగలూ గేములే ఆడతాడమ్మా, ఆ లైన్లోనే వేసేద్దామనుకుంటున్నాం' అంటారు. ఆడటం, తయారుచెయ్యడం రెండూ ఒకటి కాదు అంటే, సీటు రాకుండా అడ్డుపడుతున్నానన్నట్టు చూస్తారు!

మా పిన్ని కొడుకునీ అలాగే, పేరులో గేమింగ్ అనే మాట ఉందని అప్పు చేసి మరీ ఒక ప్రైవేటు కాలేజీలో మూడేళ్ల డిగ్రీలో చేర్చారు. ఈమధ్య ఉద్యోగం కోసం నా దగ్గరికి వచ్చాడు. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో ఏ మెనూ ఎక్కడుందో చకచకా చెప్పేస్తాడు. సరే, గేములో కాపలావాడికి ప్లేయర్ ముందున్నాడో వెనకున్నాడో ఎలా తెలుస్తుందిరా అని అడిగితే తెల్లమొహం వేశాడు. కాపలావాడు చూస్తున్న దిశ ఒకటి, వాడి నుంచి ప్లేయర్ ఉన్న దిశ ఒకటి, ఈ రెండు వెక్టార్ల డాట్ ప్రాడక్ట్ చూస్తే సరిపోతుంది, ప్లస్ వస్తే ముందు, మైనస్ వస్తే వెనక. ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ 1ఏలో వాడు బట్టీపట్టిందే అది, కానీ అది ఇక్కడ పనికొస్తుందని మూడేళ్లలో ఒక్క లెక్చరరూ చెప్పలేదట.

కోడింగ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు మామూలు సీఎస్ఈ చాలు, అది రాకపోతే బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ అయినా ఫర్వాలేదు. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ ఒళ్లు వంచి చదవాలి, సీ ప్లస్ ప్లస్ రావాలి. ఎందుకంటే సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెరమీద 60 బొమ్మలు, కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16 మిల్లీసెకన్ల చిల్లర, లెక్కలన్నీ అందులోనే అయిపోవాలి, లేకపోతే గేమ్ నత్తలా నడుస్తుంది. డిగ్రీతో పాటు నాలుగైదు చిన్న గేములు మొదలుపెట్టి పూర్తి చేసినవి చూపించగలగాలి. సగం చేసినవి అందరి దగ్గరా ఉంటాయి, నా దగ్గరా ఉన్నాయి.

బొమ్మలు గీసే పిల్లలకు ఇంజినీరింగ్ ఎందుకండీ? మాసబ్ ట్యాంకులోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, యానిమేషన్‌లో ఉంది. గేమ్ డిజైనే కావాలంటే ఏదో ఒక డిగ్రీ అయ్యాక బెంగళూరు ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఎం.డిజైన్ ఉంది, సీట్లు మాత్రం తక్కువ.

ఇంకొకటి. 'గేమింగ్ కంపెనీ' అంటే రమ్మీ ఆడించేవాళ్లనూ అలాగే పిలిచేవారు. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అలాంటి కంపెనీల్లో ఉద్యోగాలు చూపించి ఎవరైనా సీటు అమ్మజూపితే రెండుసార్లు అడగండి.

మీ పత్రికలో ఈ కోర్సులకు ఫుల్ పేజీ ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. వద్దనను, మీ ఖర్చులు మీకుంటాయి. కాకపోతే చదువుల పేజీలో ఒక్క ఆదివారం ఆ కాలేజీల సిలబస్ తెప్పించి, అందులో లెక్కలు ఎన్ని సెమిస్టర్లు చెబుతున్నారో, కోడింగ్ చెప్పేవాళ్లలో ఒక్క గేమైనా విడుదల చేసినవాళ్లు ఎందరో అడిగి వెయ్యండి.

ఇట్లు,
ఒక గేమ్ ప్రోగ్రామర్, హైదరాబాద్