ఎదురింటి ఆంటీకి, మాస్టారికి, ఇంకా పేరు తెలియని ఒక అబ్బాయికి

మొన్న మధ్యాహ్నం అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో ఈపాటికి సగం వీధికి తెలుసు. అయినా థాంక్స్ చెప్పకుండా ఊరుకోవడం నావల్ల కావట్లేదు, అందుకే రాస్తున్నా.

ఇద్దరు వచ్చారు. మెడలో ఐడీ కార్డులు, టక్ చేసుకున్న చొక్కాలు, భుజాన బ్యాగు. కొత్త పాలిష్ పౌడరట, కంపెనీ ప్రచారమట, డబ్బులేమీ అక్కర్లేదట. అమ్మ ఇత్తడి చెంబు ఇస్తే గుమ్మంలోనే కూర్చుని సగం తోమి చూపించారు, నిజంగానే తళతళలాడింది, అక్కడే అమ్మకి నమ్మకం కుదిరిపోయింది. "గొలుసు కూడా మాసిపోయింది కదమ్మా, రెండు నిమిషాల్లో మెరుగు పెట్టేస్తాం" అనేసరికి మెడలోంచి తీసి అరచేతిలో పట్టుకుంది కూడా.

అప్పుడే ఎదురింటి ఆంటీ బాల్కనీలోంచి చూసి దిగి వచ్చారు. నేనైతే కేకలు పెట్టి వీధంతా ఏకం చేసేదాన్ని. ఆవిడ తాపీగా కుర్చీ లాక్కుని కూర్చుని, "ఉండు వదినా, ముందు తూకం వేద్దాం, మెరుగు పెట్టాక మళ్లీ వేద్దాం, తేడా లేకపోతే నా గాజులూ ఇస్తా" అని, వంటింట్లో ఉన్న చిన్న కాటా పట్టుకు రమ్మని వాళ్లబ్బాయికి ఫోన్ చేశారట. కాటా మాట వినగానే ఆ ఇద్దరిలో ఒకడికి అర్జెంటు ఫోన్ వచ్చేసింది (అది మోగనే లేదని ఆంటీ ఇప్పటికీ నవ్వుతున్నారు), బ్యాగు సర్దుకుని చక్కా పోయారు. కంగారులో ఒక ప్లాస్టిక్ డబ్బా మాత్రం వదిలేశారు.

అమ్మ దాన్ని సింకులో పారబోయబోతుంటే పై అంతస్తు కెమిస్ట్రీ మాస్టారు ఆపారు. ఇలాంటి వాళ్లు వాడేది చాలాసార్లు ద్రవరాజం, అంటే 3 వంతుల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 1 వంతు నైట్రిక్ ఆమ్లం కలిపినది అయ్యుంటుందట. విడివిడిగా ఏదీ బంగారాన్ని కరిగించలేదు, రెండూ కలిస్తే కరిగిస్తాయి. గొలుసు పైకి మెరుస్తూనే ఉంటుంది, బరువు మాత్రం తగ్గుతుంది, కరిగిన బంగారం ఆ నీళ్లలోనే వాళ్ల వెంట వెళ్లిపోయి తర్వాత మళ్లీ బయటికి వస్తుంది. అందుకే ఎవరింట్లోనైనా అలాంటిది మిగిలితే పారబోయకండి, ముట్టుకోకండి, వాసన చూడకండి, అలాగే పోలీసులకి చూపించండి.

స్టేషన్లో కానిస్టేబుల్ గారికి కూడా థాంక్స్. ఏమీ పోలేదు కదా, మళ్లీ కంప్లయింట్ ఎందుకు అంటారేమో అనుకున్నా. ఆయన డబ్బా తీసుకుని, వాళ్ల పోలికలన్నీ ఓపిగ్గా రాసుకున్నారు. అమ్మని ఒక్క మాట అనలేదు. నేనన్నాను, ఫోన్లోనే, "చదువుకున్నదానివి, నీకెలా తెలియలేదు" అని. ఆంటీ వచ్చి అమ్మ పక్కన కూర్చుంటే, నేను దూరం నుంచి తిట్టాను. అమ్మా, సారీ.

ఇంకొకరు మిగిలారు. మా గేటు ముందు బైకు ఆపి, వెళ్లిపోతున్న వాళ్ల బండి నంబరు ఫోటో తీసి, ఆంటీ ఫోన్‌కి పంపి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన అబ్బాయి. నీలం హెల్మెట్ అట, అమ్మకి అంతకంటే గుర్తులేదు. ఆంటీ ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. బాబూ, ఇది చదివితే ఒకసారి ఫోన్ ఎత్తు, అమ్మ నీతో మాట్లాడాలంటోంది.