మావాళ్లు దేనివల్ల పోతున్నారో తెలియాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్న మా మరిది తెల్లవారుజామున ఇంట్లోనే పోయాడు. 47 ఏళ్లు. చాలాకాలంగా షుగర్, ఈ మధ్య కాళ్ల వాపు, ఆయాసం. ఆ హడావిడిలో పిలిచిన డాక్టరు నాడి చూసి 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని రాసిచ్చారు. గుండె, ఊపిరి ఆగడం చావు గుర్తే తప్ప కారణం కాదు. ఏ జబ్బుతో పోయినా చివరికి ఆగేవి అవే కదా!

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు ఇంకో చిక్కు ఉంది. జబ్బు ముదిరితే మేమంతా గాంధీకో, ఉస్మానియాకో, నిమ్స్‌కో పరుగెత్తుతాం. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలన్నది నిబంధన. అలా బోడుప్పల్, జీడిమెట్ల మనుషుల చావులు హైదరాబాద్ లెక్కలోకి వెళ్తాయి. ఇంట్లో పోయినవాళ్లు మాత్రం మా జిల్లా రిజిస్టర్‌లో మిగులుతారు, కారణం సరిగ్గా తేలకుండానే. ఇక చర్లపల్లి, మల్లాపూర్ పారిశ్రామికవాడల పక్కన ఊపిరితిత్తుల జబ్బులు ఎక్కువా కాదా, ఏ బస్తీలో కిడ్నీలు పోతున్నాయి అంటే ఎవరు చెప్పగలరు?

నిజానికి మరణ నమోదు ఫారంలోనే చనిపోయిన మనిషి నివాసం, పొగాకు, మద్యం అలవాట్లు ఎన్నేళ్లుగా ఉన్నాయో అడిగే గళ్లున్నాయి. మా మరిది ఫారంలో అవన్నీ ఖాళీగానే పోయాయి. ఏడుస్తున్న ఇంట్లో వాటిని ఎవరు పట్టించుకుంటారు?

1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ప్రభుత్వమైనా, ప్రైవేటైనా ప్రతి ఆసుపత్రీ మరణ కారణాన్ని, జబ్బు చరిత్రతో సహా, రిజిస్ట్రార్‌కు రాసి పంపాలి. దాని కాపీ దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఈ సంగతి మాలో చాలామందికి తెలియదు. మీసేవలో తీసుకునే సర్టిఫికెట్‌లో కారణం ఉండదు, చట్టమే ఉండకూడదంటుంది. కాబట్టి ఆ కాపీ అడిగి తీసుకోకపోతే కుటుంబం చేతిలో ఏమీ మిగలదు. మా మరిది కొడుకు "పెద్దమ్మా, నాన్నకేమైంది? నేను ఏ టెస్టులు చేయించుకోవాలి?" అని అడుగుతున్నాడు. ఏం చెప్పను?

దేశం మొత్తమ్మీద 2020లో నమోదైన ప్రతి 100 మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి దాదాపు 22 మాత్రమే. ఇంట్లో జరిగే మరణాలకూ దారి ఉంది. కొన్నాళ్ల తర్వాత ఇంటికి వెళ్లి, లక్షణాలు ఏమిటి, ఎప్పుడు మొదలయ్యాయి అని కుటుంబాన్ని అడిగి, ఆ వివరాల్ని డాక్టర్లు చూసి కారణం తేల్చే పద్ధతి దేశవ్యాప్త నమూనా సర్వేల్లో ఏళ్లుగా నడుస్తోంది. మా ఏఎన్ఎంలకు శిక్షణ ఇచ్చి, సరైన భత్యం కూడా ఇచ్చి, ఆ పని ఇక్కడా చేయించాలి. ఇప్పటికే ఉన్న పనిభారం మీద ఊరికే రుద్దకూడదు.

హైదరాబాద్ ఆసుపత్రుల్లో పోయిన మావాళ్ల వివరాల్ని నివాసం ప్రకారం విడదీసి మా జిల్లా వైద్య ఆరోగ్యశాఖకు పంపాలి. ఏ ప్రాంతంలో ఏ జబ్బుతో ఎందరు పోయారో, పేర్లు లేకుండా, ఏటా బస్తీ దవాఖానాల గోడల మీద పెట్టమని కలెక్టర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, బోడుప్పల్