పూజాపాత్రలను పాత వెండి కింద అమ్మొద్దు

సంపాదకులకు నమస్కారం.

విజయవాడలో మా కతోలిక విచారణ (చర్చి పారిష్) ఈమధ్య జూబిలీ చేసుకుంది. గుడికి రంగులు వేయించారు, కొత్త మైకులు పెట్టారు, బలిపీఠం మీదికి కొత్త పాత్రల సెట్టు కొన్నారు. అంతవరకూ అందరికీ సంతోషమే. కానీ ఆ సెట్టు కొనడానికి మా పాత వెండి చాలీసును (పూజలో ద్రాక్షారసం పోసే కాడ గిన్నె), దాని పళ్లేన్ని, దివ్యసత్ప్రసాదం (పూజలో పవిత్రమైన అప్పం) ఉంచే సిబోరియాన్ని ఒక వెండి కొట్టుకు పట్టుకెళ్లి తూకానికి ఇచ్చేశారని తర్వాత తెలిసింది. ఇంట్లో పాత పట్టీలు మార్చుకున్నట్టే తరుగు తీసి, మిగిలినదానికి లెక్కకట్టి, కొత్త బిల్లులో తగ్గించారట. అడిగితే "లోపల పూత పోయింది, నల్లబడ్డాయి, ఇంక దేనికి పనికొస్తాయండీ" అన్నారు. ఎవరూ సొమ్ము తినలేదు, ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, అది నేను ఒప్పుకుంటాను. అయినా జరిగింది తప్పే, ఇంకో విచారణలో జరగకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కతోలికులు కాని పాఠకులకు ఇందులో అంత బాధ ఏముందో తెలియకపోవచ్చు. దివ్యబలిపూజలో (మాస్‌లో) పళ్లెంలో పెట్టిన అప్పం, చాలీసులో పోసిన ద్రాక్షారసం క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని మా విశ్వాసం. అందుకే ఆ పాత్రను మామూలు గిన్నెలా వాడరు. పాత రోజుల్లో అయితే పీఠాధిపతి (బిషప్) స్వయంగా పవిత్ర తైలంతో దాన్ని అభిషేకించేవారు, ఇప్పుడు గురువులు (ఫాదర్లు) ఆశీర్వదిస్తే సరిపోతుంది. పూజ అయ్యాక పాత్రలో నీళ్లు పోసి కడిగి ఆ నీళ్లు తాగేస్తారు, తెల్లటి గుడ్డతో తుడుస్తారు, ఆ గుడ్డను మొదటిసారి జాడించిన నీళ్లు కూడా మురిక్కాలవలోకి పోకుండా మట్టిలో పోస్తారు. గుడ్డ జాడించిన నీళ్ల విషయంలోనే ఇంత జాగ్రత్తగా ఉండేవాళ్లం, పాత్రను తీసుకెళ్లి త్రాసులో ఎలా పెట్టగలిగాం?

ఇది నా ఒక్కడి సెంటిమెంటు కాదు. శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 1171వ నియమం ప్రకారం ఆరాధన కోసం ఆశీర్వదించిన వస్తువులను భక్తితో చూసుకోవాలి, అవి ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉన్నా సరే లౌకిక పనులకు వాడకూడదు. 1917 నాటి పాత చట్టం ఇంకా వివరంగా చెప్పింది. బహిరంగంగా అమ్మకానికి పెడితే పవిత్ర వస్తువు తన ఆశీర్వాదాన్ని కోల్పోతుందని ఒకవైపు చెబుతూనే, బంగారు పూత అరిగినంత మాత్రాన చాలీసు అభిషేకం పోదని, అయితే మళ్లీ పూత వేయించే బాధ్యత మాత్రం తప్పదని రాసింది. ఆ నియమాలు 1983లో కొత్త చట్టం వచ్చాక మారాయి కానీ ఆ ఆలోచన నాకు చాలా సరైనదనిపిస్తుంది. పూత పోయిందని అమ్మడం కాదు, పూత వేయించడమే మన పని.

ఆ పని కష్టం కూడా కాదు. చాలా చాలీసులకు పైగిన్నె, మధ్య కాడ, అడుగు పీట మరతో బిగించి ఉంటాయి. విప్పితే గిన్నె విడిగా వస్తుంది, దాని లోపలికి మాత్రం పూత వేయించుకోవచ్చు. సొట్టలు తీసే కంసాలులు మన ఊళ్లో లేకపోలేదు. ద్రాక్షారసంలో పులుపు ఉంటుంది కాబట్టి ఇత్తడికీ రాగికీ తగిలితే చిలుము పడుతుంది, అందుకే తుప్పు పట్టే లోహంతో గానీ బంగారం కన్నా తక్కువ లోహంతో గానీ చేస్తే లోపల బంగారు పూత ఉండాలని పూజ నియమాలు చెబుతాయి. అసలు పూత తొందరగా పోవడానికి మన చేతులే కారణం. పండక్కి ముందు చింతపండు పెట్టి, పీతాంబరి పౌడరు పెట్టి ఇత్తడి బిందెల్లా తోమేస్తాం. గోరువెచ్చని నీళ్లు, మెత్తని నూలు గుడ్డ చాలు. గుడి సామాను చూసుకునే పిల్లలకూ పెద్దలకూ ఇది ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి.

ఇంకో మాట. మా పాత చాలీసు అడుగున ఒక పెద్దామె పేరు చెక్కి ఉండేది. ఆమె చనిపోయాక పిల్లలు ఆమె జ్ఞాపకంగా ఇచ్చారు. విశ్వాసులు ఫలానా పని కోసమని ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలని 1267వ నియమం. ఆ కుటుంబం ఇప్పటికీ మా విచారణలోనే ఉంది, ఇచ్చేముందు వాళ్లను ఒక్క మాట అడగలేదు. వెండితో పాటు ఆ పేరు కూడా కరిగిపోయింది.

"పేదలకోసం అయితే అమ్మొచ్చుగా" అని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 4వ శతాబ్దంలో మిలాను పీఠాధిపతి పునీత (సెయింట్) అంబ్రోసు గారు గోత్ జాతివాళ్ల చేతిలో బందీలైనవాళ్లను విడిపించడానికి గుడి పాత్రలను కరిగించారు, బంగారం దాచుకోవడం కన్నా మనుషులను కాపాడటం మేలని తనను తప్పుపట్టినవాళ్లకు గట్టిగా సమాధానం చెప్పారు. కానీ ఆయన కూడా ముందు ఆశీర్వదించని పాత్రలనే తీశారు, పవిత్ర పాత్ర ఆ రూపంలో గుడి దాటి పోకూడదని గుడిలోనే పగలగొట్టి తర్వాత కరిగించమన్నారు. అలాంటి అవసరం వస్తే నేనూ అడ్డు చెప్పను. మాది అవసరం కాదు, కొత్త మెరుపు కోసం మార్చుకున్నాం.

పైగా పల్లెల్లో చూడండి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఒక్కో ఫాదర్ గారు బండి మీద పూజ సామాను ఉండే మాస్ కిట్ బ్యాగు పెట్టుకుని ఊరూరూ తిరిగి పూజ చేస్తారు, చాలా ఊళ్ల గుడుల్లో సొంతంగా ఒక చాలీసు కూడా ఉండదు. పట్నం విచారణల్లో మాత్రం బీరువాలు నిండిపోయి ఉంటాయి. పూత వేయించి ఒకటి అక్కడికి పంపితే ఎంత బాగుంటుంది! ఇక విజయవాడ వైపు పీమే సభ అనే విదేశీ మిషనరీ సంఘం గురువులు, గుంటూరు ఫిరంగిపురం వైపు మిల్‌హిల్ అనే మరో మిషనరీ సంఘం గురువులు పనిచేసిన కాలం నాటి పాత్రలు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటిని అసలు ముట్టుకోకూడదు. చరిత్ర, కళ పరంగా విలువైన వస్తువులను అమ్మాలంటే రోమ్ అనుమతి కావాలని చట్టమే చెబుతోంది.

విచారణ కౌన్సిళ్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఫిబ్రవరి గుణదల మాత తిరునాళ్ల లోపు మీ బీరువాలు తీసి, ప్రతి పాత్రకూ ఫోటో తీసి, ఎవరిచ్చారో, దేనితో చేశారో, అడుగున ఏం చెక్కి ఉందో రిజిస్టరులో రాయండి, ఒక కాపీ మేత్రాసనానికి (బిషప్ గారి కార్యాలయానికి) పంపండి. ఆస్తుల జాబితా ఉండాలని చట్టంలో ఎలాగూ ఉంది. వెండి కొట్ల యజమానులకు కూడా ఒక మనవి: కాడ ఉన్న గిన్నె, అడుగున సిలువ గుర్తు కనిపిస్తే కరిగించే ముందు దగ్గర్లోని చర్చికి ఒక్క ఫోన్ చేయండి.

ఇట్లు,
ఒక విచారణ విశ్వాసి,
పటమట, విజయవాడ