డోర్నకల్ కుర్చీ

డోర్నకల్,
ఆదివారం సాయంత్రం

బిడ్డా,

నువ్వు ఫోన్‌లో చెప్పిన మాట నాలుగు రోజులుగా నా తలలోనే తిరుగుతోంది. నైట్ డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడి, "నాన్నా, ఇప్పుడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ మాలాగే నర్సుగా చేసినావిడ, తెలుసా!" అన్నావు. నేను "ఆఁ, పేపర్లో చూశాను" అని ఊరుకున్నాను. ఫోన్ చేతిలో ఉంటే నాకు మాట రాదు, నీకు తెలిసిందే. అందుకే కాగితం మీద రాస్తున్నాను. తమ్ముడు ఫోటో తీసి పంపుతాడు. అక్షరాలు కనబడకపోతే పెద్దవి చేసుకో.

ఇంగ్లండ్ సంఘానికీ, దాన్నుంచి పుట్టిన ఆంగ్లికన్ సంఘాలన్నిటికీ పెద్ద అన్న పదవి అది. 597లో అగస్టీన్ అనే మిషనరీ మొదలుపెట్టాడు. 105 మంది మగవాళ్ల తర్వాత, 2025 అక్టోబరులో సారా ములల్లీ పేరు ప్రకటించారు. ఆవిడ అంతకుముందు ఇంగ్లండ్ మొత్తానికి చీఫ్ నర్సింగ్ ఆఫీసరుగా చేసింది. నీ సంతోషం నాకు అర్థమైంది. కానీ అదే ఫోన్‌లో ఇంకో మాట అన్నావు. ఊరేదని వార్డులో ఎవరో అడిగితే "హైదరాబాద్ దగ్గర" అన్నావట. డోర్నకల్ హైదరాబాద్‌కి దగ్గరెప్పుడయింది? రైలెక్కితే సగం పూట పోతుంది. ముప్పై ఏళ్లు ఈ జంక్షన్‌లో బుకింగ్ కిటికీ వెనక కూర్చుని టికెట్లు ఇచ్చినవాణ్ణి, నాకు చెప్పకు.

ఊరి పేరు చెబితే వాళ్లకు తెలియదనుకున్నావేమో. ఆ వార్డులో వాళ్లకు తెలియకపోవచ్చు. కానీ బిషప్ పదవి చరిత్ర చదివినవాళ్లెవరైనా డోర్నకల్ పేరు దాటి ముందుకు పోలేరు. అది నీకు సరిగా చెప్పనిది నేనే. చిన్నప్పుడు చెప్పబోతే పరీక్షలన్నావు, తర్వాత నర్సింగ్ కోర్సన్నావు.

నీ కన్ఫర్మేషన్ రోజు, బాప్తిస్మాన్ని స్థిరపరిచిన రోజు, గుర్తుందా? తెల్ల ఓణీలో మోకాళ్లూని, బిషప్ గారు తల మీద చేతులు పెట్టగానే భయంతో కళ్లు గట్టిగా మూసుకున్నావు. ఆ చేతులు పెట్టే అధికారం మన అయ్యగారికి, అంటే మన గుడి పాదిరికి, సొంతంగా లేదు. డీకన్, ఆ తర్వాత అయ్యగారు, ఆ పైన బిషప్. ఆంగ్లికన్ సంఘంలో మెట్లు మూడే. కన్ఫర్మేషన్ ఇవ్వాలన్నా, అయ్యగార్లకు హస్తనిక్షేపణ చేయాలన్నా, అంటే తల మీద చేతులుంచి ఆ పదవి ఇవ్వాలన్నా, బిషప్ రావాల్సిందే. బిషప్‌ను బిషప్ చేయడానికైతే కనీసం ముగ్గురు బిషప్పులు కలిసి చేతులుంచాలి. మన బైబిల్లో ఆ పదవికి అధ్యక్షుడు అని వాడారు. మూలభాషలో ఆ మాటకు పైనుంచి కనిపెట్టి చూసుకునేవాడు అని అర్థం.

ఇప్పుడు ఆలోచించు. ఈస్ట్ ఇండియా కంపెనీ వచ్చి రెండు వందల ఏళ్లయినా ఇండియా మొత్తంలో ఒక్క ఆంగ్లికన్ బిషప్ లేడు. కంపెనీ దొరలకు ఆరాధన జరిపే చాప్లిన్లు ఉండేవారు, అంతే. బిషప్ వస్తే జనం ఎక్కడ తిరగబడతారోనని, వ్యాపారం ఎక్కడ చెడుతుందోనని కంపెనీకి టెన్షన్. 1813లో కంపెనీ చార్టర్, అంటే దాని అనుమతి పత్రం, మార్చాక, 1814లో కలకత్తాకు మొదటి బిషప్‌గా మిడిల్టన్‌ను పంపారు. లండన్‌లో ఆయన అభిషేకం కూడా చడీచప్పుడు లేకుండా కానిచ్చారు. ఆ రోజు చేసిన ప్రసంగాన్ని అచ్చు వేయనివ్వలేదు. దొంగతనంగా పెళ్లి చేసినట్టు!

ఆ ఒక్క బిషప్‌కు అప్పగించిన మేర ఎంతనుకున్నావు? ఇండియా అంతా. కొన్నాళ్లకు ఆస్ట్రేలియాను కూడా ఆ పద్దులోనే రాశారు. ఓడల మీద, పల్లకీల మీద తిరిగి తిరిగి మిడిల్టన్ 1822లో చనిపోయాడు. తర్వాత వచ్చిన హీబర్ 1826లో తిరుచిరాపల్లిలో పొద్దున్నే ఆరాధన ముగించుకుని, ఎండకు తాళలేక స్నానాల కొలనులో దిగి అక్కడే ప్రాణం విడిచాడు. ఆ తర్వాతి ఇద్దరు 1828లో ఒకరు, 1831లో ఒకరు. పదిహేడేళ్లలో నలుగురు బిషప్పులు! అప్పుడు గానీ మద్రాసుకు వేరే బిషప్ కావాలని లండన్ వాళ్లకు తోచలేదు. 1835లో మద్రాసు డయోసీస్, అంటే ఒక బిషప్ కింది ప్రాంతం, ఏర్పడింది. మన తెలుగు జిల్లాలు దాని కిందికే వచ్చాయి. 1841లో మిషనరీలు ఫాక్స్, నోబుల్ దొరలు బందరులో దిగినప్పుడు వాళ్ల పై అధికారి మద్రాసులో ఉన్నాడన్నమాట.

ఆ పదవి స్వరూపం ఇంకోటి చెప్పాలి. ఇండియా బిషప్‌ను ఇంగ్లండ్ రాజుగారు మొహరు వేసిన పత్రంతో నియమించేవారు, జీతం ఇక్కడి ఖజానా నుంచి వచ్చేది. పేరుకు కాపరి, తీరుకు కలెక్టరు పక్కన కుర్చీ వేయించుకునే ఉద్యోగి. మిడిల్టన్‌కి ఇండియావాళ్లను డీకన్ చేయడానికి కూడా ధైర్యం చాలలేదు. నాకిచ్చిన పత్రంలో అది రాసి లేదన్నాడు. హీబర్ ఆ గీత దాటి అబ్దుల్ మసీహ్ లాంటి ఇండియావాళ్లకు హస్తనిక్షేపణ చేశాడు. అక్కణ్ణుంచి దేశీయ అయ్యగార్లు వందల్లో అయ్యారు. బిషప్ మాత్రం, దాదాపు వందేళ్లు, ఒక్కడూ కాలేదు.

ఇక మన ఊరికి వస్తాను.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారిది తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళై. 1874లో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాదిరి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ లెక్కల పరీక్ష రోజు జబ్బుపడి డిగ్రీ చేతికి రాలేదు. (నీ తమ్ముడికి ఈ ముక్క చదివి వినిపించను.) క్రైస్తవ యువకుల సంఘం వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తూ 1903లో తోటివాళ్లతో కలిసి తిరునెల్వేలిలో ఒక మిషనరీ సంఘం పెట్టారు. డబ్బు, మనుషులు, నడిపించేవాళ్లు అందరూ ఇక్కడివాళ్లే. ఆ సంఘం ఎంచుకున్న చోటు, నిజాం రాజ్యంలో అడవి మధ్య రైలు కూత తప్ప ఏమీ లేని డోర్నకల్. 1909లో అయ్యగారై, భార్య అన్బు గారితో సహా ఆయన ఇక్కడికి వచ్చారు. మొదట్లో గుడారాల్లోనే కాపురం. ముప్పై అయిదేళ్ల మనిషి కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు.

మరుసటేడు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ. అక్కడ తెల్లదొరల ముందు నిలబడి ఆయన ఏమన్నారో తెలుసా? మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, కానీ మేం అడిగేది ప్రేమ, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. సభలో కొందరికి కోపం వచ్చింది. మా కోసం పనిచేస్తారు, మీ ఇంట్లో కుర్చీ మాత్రం వేయరు అన్న బాధ అది. బిడ్డా, నువ్వు అక్కడ చేరిన కొత్తలో, టీ విరామంలో నిన్నెవరూ పిలవలేదని రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేసి ఏడ్చావు చూడు, ఆ రోజు నాకు ఆయన మాటే గుర్తొచ్చింది. నీకు చెప్పలేదు, ఇంకా ఏడుస్తావని.

మద్రాసు బిషప్ వైట్‌హెడ్ ఆయన్ని బిషప్ చేయాలని పట్టుబట్టాడు. ముందు తిరునెల్వేలిలోనే సహాయ బిషప్‌గా అనుకున్నారు. నల్లవాడి కింద మేం పనిచేయాలా అని కొందరు దొరలు లోలోపల, పైకి మాత్రం ఇంకా సమయం రాలేదని. నాడార్ కులస్తుడు మా మీద పెద్దా అని మనవాళ్లు కొందరు. ఇద్దరూ కలిశారంటే చూడు, అడ్డుపడే దగ్గర ఎంత ఐక్యతో! చివరికి డోర్నకల్ అయితే బాగుంటుందని తేలింది. ఇది నిజాం రాజ్యం, బ్రిటిష్ ఇండియా కాదు. తెల్ల మిషనరీలూ అప్పటికి ఇక్కడ పెద్దగా లేరు, కాబట్టి ఎవరి పరువూ పోదు. మన ఊరికి ఆ కుర్చీ వచ్చింది గొప్పతనం చూసి కాదు, మారుమూల కాబట్టి. నేను దీన్ని దాచను.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అభిషేకం జరిగింది. అప్పటికాయన వయసు 38. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. 1945 జనవరి 1న ఇక్కడే కన్నుమూసేదాకా, సొంత డయోసీస్ ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఈ దేశంలో ఇంకొకరు లేరు. ముప్పై రెండేళ్లు ఒక్కరే. తలుపు తెరిచారని మెచ్చుకునేవాళ్లు ఆ లెక్క కూడా చెప్పాలి.

చిన్నదని ఇచ్చిన డయోసీస్ చిన్నదిగా ఉండలేదు. 1920 తర్వాత కృష్ణా జిల్లా వైపు సంఘాలు కూడా చేరి, సభ్యులు రెండు లక్షలు దాటారు. ఎవరి పరువు పోతుందని భయపడ్డారో ఆ దొరలే ఆయన కిందికి వచ్చారు. ఆయన ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగింటితో ఆయన కొట్లాట. ఊరూరా బడి పంతుళ్లను పెట్టారు. వాళ్లలో ఒకరు మీ ముత్తాత. పలక పట్టిన మాదిగ పిల్లలకు ఆయన దిద్దించిన ఓనమాలే మన ఇంట్లో మొదటి చదువు. నువ్వు అక్కడ మందుల చీటీ చదివి సూది వేస్తున్నావంటే దాని వేరు అక్కడుంది.

ఆయన ప్రతివాళ్ల చేతా తమ తల మీద తామే చెయ్యి పెట్టించి ఒక మాట చెప్పించేవారు. నేను బాప్తిస్మం పొందినదాన్ని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని. మీ నాయనమ్మ చివరి రోజుల్లో మా పేర్లు మరిచిపోయింది గానీ, పొద్దున లేవగానే చెయ్యి తల మీదికి వెళ్లేది. నువ్వు చూసి తలనొప్పేమోనని అమృతాంజనం తెచ్చావు.

అన్నీ జరిగాయని చెప్పను. మాల, మాదిగ పక్కపక్కన మోకాళ్లూని ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కొన్ని ఊళ్లలో ఈ రోజుకీ గుళ్లు రెండే. మతం మార్పిడి మీద గాంధీగారికీ ఆయనకూ పొసగలేదు. అయినా క్రైస్తవులకు వేరే ఓటు నియోజకవర్గాలు వద్దని గట్టిగా నిలబడినవాళ్లలో ఆయన ఒకరు. ఈ రెండో సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు.

మన కెథడ్రల్ కట్టడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. 1939 జనవరి 6న, జ్ఞానుల పండుగ రోజు ప్రతిష్ఠ చేశారు. గుమ్మటాలు మసీదులా, స్తంభాలు గుడిలా, వాటి మీద తామరలు. ఇంగ్లండ్ నుంచి నకలు తెచ్చుకోలేదు. కెథడ్రల్ అన్న మాట పుట్టిందే కతెద్రా, అంటే కుర్చీ అన్న మాటలోంచి. బిషప్ కుర్చీ ఉన్న గుడి అని. ఆయన తర్వాత ఆ కుర్చీలో మళ్లీ దొరే కూర్చున్నాడు, 1935 నుంచి సహాయ బిషప్‌గా ఉన్న ఎలియట్. మంచి మనిషేనంటారు. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా ఏదో వెలితి.

సంఘాలన్నీ ఒకటి కావాలన్న మాట 1919లో తమిళనాట తరంగంబాడిలో మొదలైతే, అందులో ముందున్నది అజరయ్య గారే. ఇరవై ఎనిమిదేళ్లు సాగదీసింది ఈ బిషప్ పదవే. బిషప్పులు లేని సంఘాలవాళ్లు మాకెందుకన్నారు, ఆంగ్లికన్లు అది లేకపోతే రామన్నారు. చివరికి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ., అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, పుట్టింది. ఆయన చూడలేదు. రాజుగారి పత్రం కాలం అప్పటికే పోయింది. ఇప్పుడు బిషప్‌ను ఎంచే పని సంఘం చేతిలోనే ఉంది. ఓట్ల కాలం వస్తే మన గుడి వరండాలో జరిగే గుసగుసలు చూసి, రాజుగారే నయమని మీ అమ్మ అంటుంది. నేనలా అనను.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. నంద్యాలవాళ్లు 1947లో సి.ఎస్.ఐ.లో చేరలేదు. ఆంగ్లికన్లుగానే ఉండిపోయి 1975లో వచ్చారు. అంత పట్టుదలగా పాత పద్ధతి పట్టుకున్న ఆ నంద్యాలలోనే, 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్, తెలుగావిడ. నువ్వున్న ఇంగ్లండ్ సంఘంలో మొదటి మహిళా బిషప్ లిబ్బీ లేన్ అభిషేకం 2015 జనవరిలో. అమెరికాలో అయితే 1989లోనే ఒకరున్నారులే. మొదట మేమే అని నేను గొప్పలు పోవడం లేదు. కానీ ఇంగ్లండ్ కన్నా నంద్యాల ముందు. ఈసారి వార్డులో ఆ మాట వస్తే చెప్పు.

నీకు సెలవు దొరికినప్పుడు కాంటర్‌బరీ వెళ్లిరా, రైలు ఉందన్నావుగా. అక్కడ అగస్టీన్ కుర్చీ అని ఒక రాతి కుర్చీ ఉంటుంది. అగస్టీన్ దానిలో కూర్చోలేదు, దాదాపు 800 ఏళ్లదే అది. ఒక ఫోటో తీసి పంపు. నేను రేపు పొద్దున ఎండ ఎక్కకముందే వెళ్లి మన గుళ్లో ఉన్నదాన్ని తీయిస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఉంది.

మామిడికాయ పచ్చడి పార్శిల్ శుక్రవారం పంపాం. డబ్బా మూత మీద అమ్మ టేపు నాలుగు చుట్లు చుట్టింది, కత్తెరతోనే తెరువు, పళ్లతో కాదు.

మీ నాన్న