ఉగాది నుంచి ఉగాది దాకా: మన ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) కార్ల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఉగాదికి మన కార్లలో చాలావరకు గంటకు అరవై కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయేవి. ఈ ఉగాదికి మూడు కార్లు వంద దాటాయి, అది కూడా జీపీఎస్ మీటర్ పెట్టి, అందరి కళ్లముందే. పెద్ద బ్యాటరీ వేసేసి ఉంటారులే అని బయటివాళ్లు అంటున్నారు, కొత్తగా చేరినవాళ్లు కూడా మొదట అడిగేది బ్యాటరీ గురించే. అందుకే ఈసారి ఎన్ని మీటింగులు పెట్టాం, ఎవరు వచ్చారు అన్నది పక్కనపెట్టి, ఏడాదంతా ఏం పని చేశామో అదే రాస్తున్నాను.

జూన్, జులైలో వానల వల్ల రోడ్డెక్కలేదు. ఆ ఆదివారాలన్నీ కూకట్‌పల్లిలో మన సభ్యుడి ఇంటి డాబా మీద, రేకుల షెడ్డు కింద, గేర్లతోనే గడిచాయి. లెక్క ఇంకోసారి చెప్తాను, ఇది రాకపోతే మిగతాదంతా వృథా ఖర్చే. మోటార్ మీద 3500 కేవీ అని ఉందంటే లోడ్ లేనప్పుడు వోల్టుకు నిమిషానికి 3500 చుట్లు తిరుగుతుందని. మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) 11.1 వోల్టులు, కాబట్టి నిమిషానికి 38,850 చుట్లు. స్పర్‌కి (పినియన్ తిప్పే పెద్ద గేరు) 54 పళ్లు, పినియన్‌కి (మోటార్ షాఫ్టు మీది చిన్న గేరు) 18, కారు లోపలి మిగతా గేర్ల రేషియో 2.6 అయితే మొత్తం 7.8 అవుతుంది, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి మోటార్ 7.8 సార్లు తిరగాలి, 65 మిల్లీమీటర్ల టైరుతో గంటకు 61 కిలోమీటర్లు. మోటార్, బ్యాటరీ ముట్టుకోకుండా పినియన్ ఒక్కటి 22 పళ్లది వేయండి, అదే లెక్క 74 దాటుతుంది. రోడ్డు మీద ఇందులో కొంత తగ్గుతుంది, అయినా దారి ఇదే.

ఆ పెరిగిన స్పీడుకి మోటార్ వేడి రూపంలో మూల్యం చెల్లిస్తాం. నాలుగు పళ్లు ఒకేసారి పెంచకండి. ఒకటి పెంచి, రెండు రన్స్ తీసి, వెంటనే టెంపరేచర్ గన్ పెట్టి చూడండి. 75 డిగ్రీలు దాటిందంటే ఒక పన్ను వెనక్కి, ఇది మనం మనకు పెట్టుకున్న రూల్. మన ఊళ్లో మే నెలలో గాలే నలభై డిగ్రీలు ఉంటుంది, జనవరి పొద్దున హాయిగా నడిచిన గేరు మేలో మోటార్‌ని కాల్చేస్తుంది. సభ్యుల్లో ఇద్దరికి ఇలాగే అయింది.

మెష్, అంటే రెండు గేర్ల పళ్లు ఒకదానిలో ఒకటి కూర్చునే తీరు, దాని సంగతి కూడా. పినియన్, స్పర్ మధ్య నోటుపుస్తకం కాగితం ముక్క పెట్టి తిప్పితే అది మెట్లు మెట్లుగా మడత పడి బయటికి రావాలి. చిరిగిందంటే బిగుతు ఎక్కువైనట్టు, మడత సరిగ్గా పడలేదంటే వదులైనట్టు. పెద్ద మోటార్ల షాఫ్టు 5 మిల్లీమీటర్లు, మన పాత పినియన్ల రంధ్రం 3.17. బాలానగర్‌లో ఒక లేత్ పనాయన దగ్గర బోరు పెద్దది చేయించుకున్నాం. మొదటి రెండూ కాస్త పక్కకు పోయాయి, తిప్పి చూస్తే వణుకు కంటికే కనిపించింది. ఆయనే ఒప్పుకోక డబ్బులు తీసుకోకుండా మళ్లీ చేసిచ్చాడు. మూడోది నిశ్శబ్దంగా తిరిగింది. ఆ పనితనానికి సంఘం తరఫున ఆయనకు స్వీట్ బాక్స్ ఇచ్చి వచ్చాం.

ఇక డిసెంబర్ సంగతి, దీని గురించే ఎక్కువమంది అడుగుతున్నారు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) దాటాక ఒక లేఅవుట్‌లో ఇంకా ఇళ్లు కట్టని తారురోడ్డు ఉంది, ఓనర్ గారి అనుమతి రాసిపెట్టుకుని పొద్దున ఆరున్నరకు వెళ్లాం. మంచు విడిపోయాక మొదటి రన్, గంటకు 82. రెండోది, 91. మూడోసారి కారు తొంభై దాటుతుండగా ముందు చక్రాలు రెండూ నెమ్మదిగా పైకి లేచాయి, ఏదో చేత్తో ఎత్తినట్టు, ఆ తర్వాత కారు మొత్తం గాల్లోకి లేచి వెనక్కి తిరగబడింది. బాడీ షెల్ ముళ్లకంపలో దొరికింది, వెనక సస్పెన్షన్ చేయి రెండు ముక్కలైంది. ఎవరూ ఏమీ అనలేదు కాసేపు. ఆ కారు సొంతదారైన కుర్రాడు దాని మీద ఆర్నెల్లు పనిచేశాడు.

విరిగినవన్నీ టార్పాలిన్ మీద పరిచి చూస్తే విషయం తెలిసింది. ముందు బంపర్ కింద వేలు పట్టేంత సందు ఉంది, గాలి అక్కడ దూరి ముక్కును ఎత్తింది. అంతకుముందు తీసిన వీడియోని స్లోమోషన్‌లో చూస్తే ఇంకొకటి కూడా దొరికింది: టైర్లు వేగానికి ఉబ్బి, వెడల్పు తగ్గి, ఎత్తు పెరిగి, నడిమి గీత మీదే నడుస్తున్నాయి. రోడ్డుకు తగిలే భాగం చిటికెన వేలంత కూడా లేదు. అలాంటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా కారు వినదు. దాంతో రెండు పనులు చేశాం. ముందు భాగాన్ని దించి, ప్లాస్టిక్ ఫ్లూట్ షీట్ కోసి స్ప్లిటర్ (గాలి కిందికి దూరకుండా ఆపే ముందు పలక) బిగించాం. రబ్బరు టైర్ల బదులు లోపల బెల్టు ఉన్నవి వేశాం, స్తోమత ఉన్నవాళ్లు ఫోమ్ టైర్లు తెచ్చుకున్నారు. అదే మోటార్, అదే బ్యాటరీతో జనవరిలో ఆ కారే 104 కొట్టి, బ్రేక్ వేస్తే గీత గీసినట్టు ఆగింది. నాకు ఆ ఆగడమే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

గాలి గురించి ఒక్క మాట చెప్పాలి. వేగం రెట్టింపైతే గాలిని నెట్టడానికి కావలసిన పవర్ ఎనిమిది రెట్లవుతుంది. అరవై నుంచి నూట ఇరవైకి వెళ్లాలంటే బ్యాటరీ రెట్టింపు చేస్తే చాలదు, షేపు మార్చాలి. 2014లో అమెరికాలోని యూటాలో నిక్ కేస్ అనే ఆయన బ్యాటరీ కారు గంటకు 325 కిలోమీటర్లు వెళ్లి గిన్నిస్ రికార్డు కొట్టింది, దాని బాడీ ఫోటో చూడండి, నేలకు అతుక్కున్నట్టు ఉంటుంది.

బ్యాటరీల దగ్గర మాత్రం నేను గట్టిగానే చెప్తాను. మేలో ఒక సభ్యుడు ఫుల్ చార్జ్ చేసిన లైపో స్కూటీ డిక్కీలో మధ్యాహ్నమంతా వదిలేశాడు, సాయంత్రానికి అది పూరీలా ఉబ్బింది. అదృష్టం కొద్దీ అంటుకోలేదు. నడపని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీని 5 ఆంప్స్ మించి చార్జ్ చేయకండి, రాత్రి పెట్టి నిద్రపోకండి. ఉబ్బినదాన్ని "ఇంకొక్క రన్" అని వాడకండి. ఇసుక బకెట్, మంట ఆర్పే సిలిండర్ లేకుండా ఇకపై మన మీట్ మొదలవదు.

ఇంకోటి, ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే కారు దానంతట అదే ఆగే ఏర్పాటు. చక్రాలు పైకెత్తి పెట్టి, కొంచెం థ్రాటిల్ ఇచ్చి, ట్రాన్స్‌మిటర్ ఆపేయాలి. మోటార్ వెంటనే ఆగకపోతే ఆ కారుకు ఆ రోజు రన్ లేదు, అది నాదైనా సరే. వంద మీద వెళ్లే రెండు కిలోల కారు కాలికి తగిలితే ఎముక విరుగుతుంది. పిల్లల్ని తెస్తున్నారు, మంచిదే, కానీ రోడ్డు చివర ఎవరూ నిలబడొద్దు, నడిపేవాళ్ల వెనకే, తాడు అవతల ఉండాలి. కాలనీ రోడ్లు, నెక్లెస్ రోడ్డు అని అడిగేవాళ్లకు జవాబు ఒకటే, పబ్లిక్ రోడ్డు మీద సంఘం పేరుతో ఒక్క రన్ కూడా లేదు.

లెక్కలు కోశాధికారి గారు విడిగా కాగితం మీద ఇస్తారు. ఈ ఏడాది పెద్ద ఖర్చులు టెంపరేచర్ గన్, జీపీఎస్ మీటర్, కోన్లు, సిలిండర్. ఒక షాపులో ఆర్డర్ పెట్టిన స్పర్ గేర్లు వేరే పిచ్‌వి (పళ్ల సైజువి) వచ్చాయి, వాపసు తీసుకోలేదు, ఆ నష్టం సంఘం భరించింది. ఇకపై పిచ్ ఫోటో తీసి పంపి ఒప్పుకున్నాకే డబ్బు కడదాం.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున ఆరుకు అదే లేఅవుట్‌లో కలుద్దాం. తొలిసారి వచ్చేవాళ్లు బ్యాటరీ వేసుకోకుండా కారు మాత్రం తెండి, ముందు మెష్, టైర్లు, గ్రబ్ స్క్రూలు (పినియన్‌ని షాఫ్టుకు బిగించే తల లేని స్క్రూలు) చూసిస్తాం. చందా బాకీ ఉన్నవాళ్లు అక్కడే ఇచ్చేయండి.

మీ కార్యదర్శి