తుప్పు పడుతున్న ఇనుప ఎద్దు

సంపాదకులకు,

ముప్ఫై ఏళ్లు లారీల మెకానిక్‌గా చేసినవాణ్ని. మా ఊరి పార్కులో తుక్కుతో చేసిన ఎద్దును చూస్తే ముచ్చటేసేది. మూపురానికి క్లచ్ ప్లేట్లు, తోకకు బైకు చైను, కళ్లకు బేరింగులు! తెనాలి సూర్య శిల్పశాల వాళ్లు ఇలాంటి ఇనుప తుక్కుతోనే నిలువెత్తు విగ్రహాలు చేసి పేరు తెచ్చుకున్నారు. ఇక్కడేమో రెండు వానాకాలాలకే ఎద్దు కాళ్లు పొరలు పొరలుగా లేస్తున్నాయి. డెక్కల దగ్గర నీళ్లు నిలుస్తాయి, పోవడానికి చిన్న రంధ్రమైనా పెట్టలేదు. మొన్న ఎక్కి ఫొటో దిగబోయి మా మనవడు మోచెయ్యి గీసుకున్నాడు, టీటీ ఇంజెక్షన్ వేయించాం. వైరు బ్రష్‌తో గీకి, తుప్పును ఆపే రెడాక్సైడ్ పూత కొట్టి, పైన రంగేస్తే చాలు. కూలి అడగను, నేనే చేస్తానన్నా. అధికారులేమో ఫైలు కదలాలంటున్నారు.

- ఒక రిటైర్డ్ మెకానిక్, గుంటూరు జిల్లా